ఐదు స్టార్ల నవ్వు

"కట్టు కనపడుతోంది. ఆ వేలు కొంగులో దాచుకుని నవ్వు," అన్నాడు భుజంగరావు, ఫోన్ గురిపెట్టి.

కొత్త జ్యూసర్ పక్కన నిలబడి భార్య వరూధిని నవ్వింది. రివ్యూ రాస్తే వస్తువు ఉచితం. పోయిన వారం ఆమె వేలు తెగ్గోసిన కూరగాయల కట్టర్‌కీ ఆయన ఇలాగే నవ్వించి ఐదు స్టార్లు వేశాడు. మహదేవపురలోని వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఆయన రివ్యూ చదవందే ఎవరూ గరిటె కూడా కొనరు.

ఫొటో అయ్యాక వరూధిని అటు తిరిగి కట్టు సర్దుకుంటుంటే పక్క ఫ్లాటు నళిని వచ్చింది. ఆమె వేలికీ కట్టే.

"మీ స్మైల్ చూసే ఆ కట్టర్ ఆర్డర్ పెట్టానాంటీ. ఫస్ట్ డేనే వేలు తెగింది. మీకేం కాలేదా?"

"చూసుకుని వాడాలమ్మా! మా ఆవిడ రోజూ వాడట్లేదూ?" అన్నాడు భుజంగరావు.

నళిని వరూధిని వైపు తిరిగింది.

ఈసారి ఎవరూ చెప్పకుండానే వరూధిని వేలు కొంగులో దాచుకుంది. నవ్వింది కూడా.