పక్క వరుసలో తిట్లు

కాఫీ తోటలో పచ్చికాయ కోయడం మా కొండమీద మహాపాపం. డిగ్రీ చదివిన నేను పొద్దుట్నుంచి ఆ పాపం పదకొండుసార్లు చేశాను.

"దద్దమ్మా, పండేదో కాయేదో తెలీదు, నీకు సూపర్‌వైజర్ ఉద్యోగమా?" అని యథావిధిగా నన్ను నేను సత్కరించుకున్నాను. మధ్యాహ్నం అరకులో ఇంటర్వ్యూకి వెళ్లకూడదని తీర్మానించాను.

పక్క వరుసలో కొమ్మలు కదిలాయి. "ఎవుడ్రా నా మేనల్లుడ్ని దద్దమ్మన్నది? సెయ్యి ఇరిసేత్తాను!" అంది నన్ను పెంచిన బేబి అత్త.

"నేనే అత్తా."

"నువ్వయితే ఏటి? మా అన్న కొడుకుని తిట్టడానికి నువ్వెవుడివి? బేగి ఎల్లు, జీపెల్లిపోద్ది!"

బుట్ట దించి నాలుగడుగులు వేశాను.

వెనక అత్త, నా మీది కోపంలో, గుప్పెడు పచ్చికాయలు దూసేసింది. "మొద్దు మొకమా! నలబై ఏళ్లనుంచి కోత్తన్నావు, బుద్ది లేదే నీకు?"

తోటలో ఇంకెవరూ లేరు. "ఎవర్నత్తా తిడతన్నావు?" అన్నాను.

"నిన్ను కాదురా, నన్నే. నువ్వెల్లు."

ఆ విరుపు, ఆ విసుగు, చివర్లో ఆ అలసట, అచ్చం నావే. ఇన్నాళ్లూ అవి నా సొంతం అనుకున్నాను.