కెప్టెన్‌కి ఆదివారం భోజనం

వెర్నా పిన్ని వంటింట్లోంచి వస్తున్న కంపుకి రోస్లిన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

వేరే ఉంటున్నా ఆదివారం భోజనం పిన్ని దగ్గరే కదా, నిప్పుల్లో కాల్చిన డాంపర్ రొట్టె, ఉప్పు మాంసం ఉంటాయని ఆశగా వచ్చింది. బల్ల మీద కప్పలున్నాయి. పళ్ళెమంత వెడల్పున, కళ్ళు తెరుచుకుని చచ్చి పడున్నాయి. వీపు నిండా పొక్కులు. భుజాల దగ్గర ఉబ్బిన సంచుల్లోంచి పాలలాంటి జిగురు కారి బల్లకి అంటుకుంది.

"ఛీ! తిండి తినే బల్ల మీదా పిన్నీ?"

"కడుగుతాలేవే. ముక్కు మూసుకుని ఆ మూల కూర్చో."

పిన్ని రబ్బరు తొడుగులు వేసుకుని, వెనక కాళ్ళు కోసి, తడిసిన మేజోళ్ళు లాగినట్టు తోలు లాగేస్తోంది. మిగతా కళేబరమంతా బకెట్లోకి పోతోంది.

తూర్పు రేవు దగ్గర పట్టి తెచ్చిన చెరుకు కప్పలవి. పంటను పాడుచేసే పురుగుల్ని తింటాయని ఏ మహానుభావులో ఆస్ట్రేలియా తూర్పున ఉన్న క్వీన్స్‌లాండ్ తోటల్లో వదిలారు. అవి ఆ పురుగుల్ని వదిలేసి కనపడిందల్లా తిన్నాయి. వేలకు వేలు గుడ్లు పెట్టుకుంటూ పాకి పాకి, ఇప్పుడు పడమట ఈ కింబర్లీ దాకా వచ్చాయి. విషమంతా ఆ భుజాల సంచుల్లోనే; కప్పని నోట పెట్టిన జంతువు బతకదు. పోయినేడు తూర్పు రేవు దగ్గర ఉడుములన్నీ వెల్లకిలా పడి, ఈగలు ముసిరి కుళ్ళాయి. ఈ వానలకి ఇక్కడి వాగుకీ కప్పలు రావడం ఖాయం.

రోస్లిన్ దిగులంతా కెప్టెన్ గురించే. కెప్టెన్ అంటే పిన్ని నీళ్ళ ట్యాంకు కింద ఉండే ముసలి ఉడుము. చిన్నప్పుడు తల్లి పోయాక పిన్ని పంచన చేరిన రోస్లిన్‌కి ఈ పెరట్లో దొరికిన మొదటి నేస్తం. ఒట్టి తిండిపోతు. కదిలిందల్లా మింగుతాడు.

పిన్ని ఆ కాళ్ళ మాంసాన్ని సన్నగా తరిగి, పశువుల డాక్టరు దగ్గర తెచ్చిన తెల్లపొడి కలిపి ఉండ చేసింది.

"ఎవరికది?"

"మీ కెప్టెన్ దొరగారికి."

"మతి పోయిందా పిన్నీ? కప్ప మాంసమా? దానికి తోడు ఆ మందొకటా?"

"నా కోడిగుడ్లన్నీ మింగుతున్నాడుగా. ఇదీ మింగనీ."

పిన్ని పెరటి మెట్ల మీంచి ఉండ విసిరింది. రోస్లిన్ పరుగెత్తేలోపే కెప్టెన్ గుటుక్కుమనిపించాడు.

కాసేపటికి మొదలైంది. వాడి పొట్ట ఎగదన్నింది. నోట్లోంచి నురుగు, పచ్చటి పసరు, చీమిడిలా సాగే అరగని ముక్కలు. కక్కాడు. కక్కినదాంట్లోనే పొర్లాడు. మళ్ళీ కక్కాడు. రోస్లిన్ నోరు కడుగుదామని నీళ్ళ గొట్టం అందుకుంది. పిన్ని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకోకు. కక్కనీ."

"చచ్చిపోతున్నాడు పిన్నీ!"

"కూర్చో, చెప్తాను."

"నువ్వేం చెప్పక్కర్లేదు! అసలు నువ్వు మనిషివేనా? నీ చేతి ముద్ద మళ్ళీ తింటే నా పేరు రోస్లిన్ కాదు!"

ఇంటి తాళంచెవి మెట్ల మీద విసిరికొట్టి వెళ్ళిపోయింది. తర్వాత పిన్ని కబురు మీద కబురు పెట్టింది. రోస్లిన్ చెవిన పెట్టలేదు.

వానలు పడ్డాయి. కప్పలు వచ్చాయి. రోడ్డు నిండా లారీల కింద నలిగిన తోళ్ళూ, పేగులూ. చెప్పులకి అంటుకుంటే ఎంత కడిగినా ఆ జిగట వదలదు.

కెప్టెన్ ఎముకలైనా దొరికితే పూడ్చిపెడదామని రోస్లిన్ పార తీసుకుని ఆ పెరట్లోకి వచ్చింది. మెట్ల మీద కూర్చున్న పిన్నిని పలకరించలేదు. గడ్డిలో బలిసిన చెరుకు కప్ప ఒకటి, గొంతు కింద తోలు ఆడిస్తూ, ఇల్లు తనదే అన్నట్టు కూర్చునుంది. రోస్లిన్ అసహ్యంతో పార ఎత్తింది.

"ఆగవే," అంది పిన్ని గొంతు తగ్గించి. "కొట్టకు. ట్యాంకు కింద చూడు."

ట్యాంకు కిందినుంచి కెప్టెన్ బద్ధకంగా పాక్కుంటూ వచ్చి, నాలుక చాచి కప్పని వాసన చూసి, ఆ ఆదివారం కక్కిందంతా గుర్తొచ్చినట్టు చటుక్కున తల వెనక్కి లాక్కుని, దాన్ని ముట్టకుండా దూరంగా చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు.