ఎస్నాతవ్వ తొలి ముద్ద

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. హరారేలో, ఎంబారే పేటలో, పాత మేడల దగ్గర జరిగిన ముచ్చట ఇది. గట్టిగా చెప్పేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం. అన్నం పంచే బండి తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోనే లేదు, ఎస్నాతవ్వ చెయ్యి లోపలికి వచ్చేసింది.

"నాకు ముందు పెట్టు మనవరాలా!"

రుంబికి ఒళ్ళు మండింది.

శనివారం పెళ్ళిళ్ళలో మిగిలినదంతా హోటలు వాళ్ళు ఇస్తే, రుంబీ, ఆమె స్నేహితులూ మరునాడు వేడి చేసి, పొట్లాలు కట్టి, ఈ పేటకు తెచ్చి పంచుతారు. జీతం లేదు, భత్యం లేదు. ఒకటే కట్టుబాటు: పంచేవాళ్ళు అందులోంచి మెతుకు కూడా నోట పెట్టకూడదు. పేదల వాటా తిన్నారన్న మాట రాకూడదని రుంబి పెట్టిన నియమం అది.

హోటలు మేనేజరు కూడా ముందే చెప్పాడు. "ఒక్క పొట్లం వెనక్కి వచ్చినా ఇక ఇవ్వను. పందులు పెంచే ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"అవ్వా, వరుస ఉంది కదా! వెనక పిల్లలున్నారు, కనపడట్లేదా?"

"కనపడుతున్నార్లేవే. ముసలి కడుపు, ఆగదు. పెట్టు."

"ప్రతి వారం నువ్వే ముందా? సిగ్గనిపించదూ?"

"సిగ్గు మా ఆయనతోనే పోయింది. ఇదిగో, కోడి మెడ పెట్టకు, తొడ పెట్టు."

బండి తోలే ముతాసా బాబాయి పకపకా నవ్వాడు.

పొట్లం అందగానే అవ్వ అక్కడే, అందరికీ ఎదురుగా చతికిలబడింది. సాడ్జా, అదే మొక్కజొన్న సంకటి, ముద్ద చేసి, పులుసులో అద్ది నోట్లో వేసుకుని, లొట్టలు వేస్తూ మెట్ల మీది జనాన్నంతా కలియజూసింది. పందెం గెలిచినట్టు.

ప్రతి ఆదివారం ఇదే తంతు.

ఒక వారం రుంబి ఓపిక అయిపోయింది. అవ్వ భుజాలు పట్టుకుని నడిపించుకుపోయి, వరుస చివర నిలబెట్టింది.

"ఇవాళ నీకు ఆఖర్నే. నీ కడుపు ఎట్లా ఆగదో చూస్తాను."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి, నవ్వేసింది.

"సరే తల్లీ. కాస్త త్వరగా పంచు మరి."

ఆ రోజు అందరికీ పొట్లాలు అందాయి. ఒక్కరూ విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పనాషె అనే పిల్లవాడు దారం లాగబోతే వాళ్ళమ్మ చేతిమీద చిన్నగా కొట్టింది.

"చూశావా బాబాయ్, అందరికీ అందేదాకా ఎంత మర్యాదగా ఆగుతున్నారో!" రుంబి మురిసిపోయింది. "వీళ్ళని చూసైనా ఆ ముసలమ్మకు బుద్ధి రావాలి."

చివరికి అవ్వకు అందింది. ఆమె ఒక ముద్ద తిన్నది. అప్పుడు వినాలి, పొట్లాలన్నీ ఒక్కసారిగా విప్పిన చప్పుడు!

రుంబి విన్నది. అర్థం మాత్రం కాలేదు.

మళ్ళీ ఆదివారం బండి తలుపు తెరిస్తే ఏ చెయ్యీ లోపలికి రాలేదు.

జనం మెట్ల మీదే ఉన్నారు. ఎవరూ దిగలేదు. రుంబి అరచేత్తో బండి రేకు మీద కొట్టింది.

"రండమ్మా! చల్లారిపోతోంది!"

పిల్లలు మెడలు సాచి చూస్తున్నారు. తల్లులు వాళ్ళ చొక్కాలు పట్టుకుని ఆపుతున్నారు.

రుంబి బండిలోని పొట్లాల వంక చూసింది. పొట్లాలు వెనక్కి పోతే వచ్చే వారం నుంచి అంతా పందులకే.

పనాషె వాళ్ళమ్మ బిడ్డను వీపున కట్టుకుని దిగివచ్చింది.

"ఎస్నాతవ్వ లేదు చెల్లీ. పెద్ద వయసు, నిద్రలోనే పోయింది. నిన్ననే మట్టి చేసొచ్చాం."

రుంబి చేతిలోని పొట్లం కిందికి దిగింది.

"అయ్యో... ఆమె పోయిందన్న దిగులుతోనా అక్కా, ఎవరూ రావట్లేదు?"

"దిగులు ఉండదా! కానీ అందుక్కాదు. నువ్వూ ఇక్కడి పిల్లవే కదా. మీ తాత చుట్టాలకు బీరు కుండ దించితే, ముందు ఎవరు తాగేవాళ్ళు?"

"తాతే. విషం లేదని చూపించడానికి."

"మరి మీరో? బండెడు తెస్తారు. చేతులకు తొడుగులేసుకుంటారు. ఒక్కరంటే ఒక్కరు మెతుకు ముట్టరు. తెచ్చినోళ్ళే తినని కూడు మా పిల్లలకెట్లా పెట్టుకుంటాం? మొదటి వారం అందరం తలుపులేసుకున్నాం. అవ్వ ఒక్కతే దిగింది. 'నేను తింటా. చస్తే మానెయ్యండి, బతికితే వచ్చి తినండి' అంది."

ముతాసా బాబాయి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రుంబి తొడుగులు లాగేసింది. ఒక పొట్లం విప్పింది. అందరికీ ఎదురుగా నేలమీద కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, ఇంకో ముద్ద కలిపింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.

బండి ఖాళీ అయింది. రుంబి కళ్ళు తుడుచుకుంటూ పనాషె వాళ్ళమ్మతో అంది. "పాపం, ఎంత ఆకలితో వచ్చేదో! అట్లాంటి మనిషిని వరుస చివరికి నెట్టాను."

"ఆకలా?" పనాషె వాళ్ళమ్మ వింతగా చూసింది. "ఆదివారం పొద్దున్నే వండుకుని, కడుపునిండా తినే దిగేది చెల్లీ, మీ బండి దగ్గరికి."

విన్నారుగా. మీలోనే ఉంచేసుకోకండి. నలుగురు కూర్చుని అన్నం తినే చోట, ఎస్నాతవ్వ పేరు పెట్టి మరీ చెప్పండి.