కాలు ఎటు లాగితే అటు

గేటు దాటీ దాటకముందే మొదటి దెబ్బ పడింది.

"మ్యాపెందుకే నీకు? విమానం నడుపుతావా?" భర్త ఆమె చేతిలోని పార్కు మ్యాపు లాక్కుని ఉండచుట్టి విసిరేశాడు. మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. ఆమెకు ఊపిరి అందలేదు. "సెలవులకొచ్చాం. టైము టేబుళ్ళూ ప్లాన్లూ నా దగ్గర చెల్లవు. నా కాలు ఎటు లాగితే అటు."

జనంలో తనకు కళ్ళు తిరుగుతాయని, ఈ సెలవులకు ఎక్కడికీ వద్దని ఆమె వారం రోజులు పోరింది. పోరి పోరి ఇక్కడ తేలింది. ఆమె మాట నెగ్గిన రోజంటూ ఆ సంసారంలో లేదు.

అతనిది టైర్ల షాపు. బోల్టులు విప్పీ విప్పీ చేతులు ఇనప కడ్డీలైపోయాయి. వాటి బరువెంతో ఆమె ఒళ్ళంతటికీ తెలుసు. ఒకసారి ఆమె తమ్ముడు ఇదేమిటని అడగడానికొస్తే మెట్ల మీంచి తోసేశాడు. వాడి ముందు పళ్ళు రెండూ మెట్ల మీదే రాలాయి. ఆ తర్వాత పుట్టింటివాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు.

అన్నీ ఓర్చుకుంది. కానీ పోయిన వారం ఆ చెయ్యి పిల్ల మీదకు లేచింది. నాలుగేళ్ళ పిట్ట. గింజలేరుకున్నట్టు తింటుందని దానికా పేరు. దాని మణికట్టుకి ఇంకా కట్టుంది. ఈ పిల్ల ఇక ఆ చేతులకు అందకూడదు. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

"ఎండ మండిపోతోంది. ఈ నీళ్ళ జారుడుబల్లల దగ్గరే సాయంత్రం దాకా కూర్చుందామండీ," అంది.

"కూర్చోడానికి ఇంట్లో కుర్చీల్లేవా? నడు."

డ్యాషింగ్ కార్ల దగ్గర అతని కాలు ఆగింది. పర్సూ ఫోనూ కారు తాళాలూ ఆమె బ్యాగులో పడేశాడు. పిట్టని గట్టు మీద కూర్చోబెట్టి, ఆమెను ఒక కారులోకి నెట్టి, తనొకటి ఎక్కాడు. ఇంక ఎవర్నీ చూడలేదు. వెనక్కి పోవడం, వచ్చి ఆమెనే గుద్దడం. మూడో గుద్దుకి ఆమె మూతి స్టీరింగుకి కొట్టుకుని పెదవి పగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొగుడూ పెళ్ళాల సరదా అనుకున్నారు.

బయటికొస్తుంటే బెలూన్లమ్మే అతని భుజం భర్తకు తగిలింది. అంతే, వాడి ముక్కు మీద గుద్దేశాడు. బెలూన్లన్నీ పైకి ఎగిరిపోయాయి. పిట్ట తలెత్తి వాటినే చూసింది. కింద కారుతున్న రక్తం పిల్ల కంటపడకుండా ఆమె దాని గడ్డం అలాగే పట్టుకుంది.

అక్కణ్ణుంచి దారి రెండుగా చీలింది. ఒకటి బొమ్మ రైలుకి. రెండోది దెయ్యాల గుహకి. అతను అప్పటికే రైలు వైపు తిరిగాడు.

"హమ్మయ్య, అటే పదండి," అంది. "ఆ గుహ వైపు మాత్రం వద్దండీ. చిన్నప్పట్నుంచీ నాకు దెయ్యాలంటే చచ్చేంత భయం."

అతను ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"భయమా? నేనుండగా ఇంకో దెయ్యానికి కూడా భయపడుతున్నావా?"

"మీ కాళ్ళు పట్టుకుంటా. ఇటు వద్దండీ."

చెంప పగిలింది. జడ చేతికి చుట్టుకుని గుహ వరకూ ఈడ్చుకెళ్ళాడు. పిట్ట ఏడుస్తూ వెనక పరిగెత్తింది.

చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరని గుమ్మం దగ్గర బోర్డుంది.

"చూశారా, పిల్లని రానివ్వరట. మనమూ మానేద్దామండీ."

"నువ్వు మానెయ్. దీన్ని పట్టుకుని ఇక్కడే పడుండు."

"పోనీ బ్యాగన్నా మీరుంచుకోండి. ఈ జనంలో ఎక్కడన్నా పోగొడతానేమో."

"నీ బ్యాగు మొయ్యడానికి నేనేమన్నా నీ కూలీనా?" బ్యాగు ఆమె మొహాన కొట్టి లోపలికెళ్ళాడు.

రేకు గోడ వెనక కాసేపు గొలుసుల చప్పుడు, పిశాచాల నవ్వులు. తర్వాత అతని కేక.

"లోపలికెళ్ళేటప్పుడు సింహంలా వెళ్ళాడు, పాపం," అని వరసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

దభీమని రేకు అదిరింది. మళ్ళీ అదిరింది. చచ్చు దెబ్బలు కావవి. బస్తాని నేలకేసి బాదుతున్నట్టుంది. "నా చెయ్యి... నా చెయ్యి," అన్న అరుపు గొంతులోనే తెగిపోయింది.

నల్ల తెర కదిలింది. అతను మోచేతుల మీద పాక్కుంటూ సగం బయటికొచ్చాడు. నోరంతా రక్తం. "కాపాడండి," అన్నాడు. నల్ల ముసుగులవాళ్ళిద్దరు కాళ్ళు పట్టుకుని అతన్ని మళ్ళీ లోపలికి లాగేశారు. వరస మొత్తం చప్పట్లు కొట్టింది. ఒకాయన ఫోనులో వీడియో తీసుకున్నాడు.

ఆమె పిట్ట మొహాన్ని పొట్టకు అదుముకుంది. రెండు చెవులూ మూసింది.

చప్పుళ్ళు ఆగిపోయాయి.

గుహ పక్క తలుపు తెరుచుకుంది. ఒక దెయ్యం చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడింది. చుట్టూ చూసి ముసుగు పైకెత్తి నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు.

"ఆ చేతులు ఇక చెంచా కూడా ఎత్తవక్కా," అన్నాడు తమ్ముడు. "పొద్దుట్నుంచీ లోపల కాచుకుని కూర్చున్నాం. ఇంతసేపు చేశావేంటి?"

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. పిట్టని చంకనేసుకుని పగిలిన పెదవి తుడుచుకుంది.

"ఏం చెయ్యనురా, ఆయన కాలు ఇటు లాగాలంటే 'ఇటు వద్దండీ, వద్దండీ' అని ఇన్ని దెబ్బలు తినాల్సొచ్చింది."