సైకిల్ ట్యూబు ఉంగరాలు

"అవి గూడ జారుతున్నయ్, అవతల పారెయ్," అంది జంపక్క.

పాల్వంచ బజారంతా తిరిగి తెచ్చిన రబ్బరు చుక్కల గ్లౌజులను కోడలు శ్యామల విసిరికొట్టింది. కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయి, బొంతలు కుట్టే మిషనును ఏడాది కింద కోడలికి వదిలేసిన ముసలమ్మ, బొంత జారకుండా చేతికి పట్టునిచ్చేవి తెమ్మని వారం నుంచి ప్రాణం తోడేస్తోంది. తెచ్చిన ప్రతిదీ కోడలికే తొడిగించి, సూది కింద బొంతను తిప్పించి వంక పెడుతోంది.

"గీ చేతులతోటి మళ్ల మిషనెక్కుతవా ఏంది?"

"నీకెందుకు? ఇంకోటి చూడు."

శ్యామల పాత సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసి వేళ్లకు తొడుక్కుంది. ఈసారి బొంత తిప్పినట్టల్లా తిరిగింది.

"గివి మంచిగున్నయ్," అంది జంపక్క.

శ్యామల వాటిని పీకి అత్త ఒళ్లో పడేసింది. "ఇగ నువ్వే ఏసుకొని కుట్టుకో. నా పానం తినకు."

జంపక్క వాటిని ముట్టుకోలేదు.

"నాకెందుకే? పొద్దున నాకు బువ్వ కలుపుతుంటే చూసిన. జారే బొంతను గట్టిగ పట్టి పట్టి నీ ఏళ్లు గూడ వంగుతలెవ్వు. నువ్వు గూడ నా లెక్కయితే, నా నోట్లె ముద్ద పెట్టేదెవలు?"