అవతలి ఒడ్డు

ఉల్లంకి పిట్టల గుంపొకటి ఏటా చలికాలం గడపడానికి ఒక దీవికొచ్చేది. పొద్దుగూకితే చాలు, ఒకరినొకరు "ఉన్నావా?" అని అరిచి పిలుచుకోవడం వాటి ఆనవాయితీ.

ఆ గోల పడలేక ముత్యాలి అనే పిట్ట ఈసారి మొగుణ్ణి దీవి అవతలి ఒడ్డుకు లాక్కుపోయింది. అక్కడ ఇసుకా అలలూ తప్ప ఇంకేమీ లేవు. "సుఖమంటే ఇదీ!" అంది.

సాయంత్రం మొగుడు అలవాటుకొద్దీ "ఉన్నావా?" అన్నాడు.

"ఎదురుగానే ఉన్నానుగా! ఇక్కడ కూడా ఆ అరుపేనా?" అని కసిరింది. పాపం, అతను మళ్ళీ నోరెత్తలేదు.

మర్నాడు గద్ద దిగింది. గుంపులో అయితే ఎవరో ఒకరు కేక వేసేవారే. ముత్యాలి కళ్ళు మూసుకుని అలల చప్పుడు వింటోంది. తెరిచేసరికి ఇసుక మీద రెండు ఈకలున్నాయి.

పొద్దుగూకింది. "ఉన్నావా?" అని పిలిచింది ముత్యాలి.

తను కోరుకున్నట్టే, ఒడ్డంతా నిశ్శబ్దంగా ఉంది.