పడుగు కింది పులులు

వీధి పొడవునా చాచిన పడుగుకు గంజి పెడుతున్న సిద్ధయ్యకు, నూలు కింద నలుగురు పిల్లలు పాకుతూ కనిపించారు.

"పోగులు తెగుతయి! బయటికి రాండ్రి!"

"ఒర్రకు తాతా, మేం పులులం. పులి నడిస్తే ఆకు గూడ కదలదు," గుసగుసగా అంది మనవరాలు లావణ్య.

నిజమే, ఒక్క పోగు కూడా కదల్లేదు. సిద్ధయ్యకు ముచ్చటేసింది. గంజి కుంచె పక్కన పడేసి, పంచె ఎగ్గట్టి తానూ దూరాడు. రెండడుగులు పాకాడో లేదో, ఉత్సాహం ఆగక తలెత్తి గాండ్రించాడు.

టప్పున ఐదారు పోగులు తెగాయి.

ఇంట్లోంచి అతని భార్య కొండవ్వ ఉరికొచ్చి కుంచె అందుకుంది. "ఎవలు తెంపిండ్రు?"

నాలుగు పులులూ తాత మీద పడి కప్పేశాయి.

"కొట్టకు బాపమ్మా! గీ పులిపిల్ల గిప్పుడే పుట్టింది. ఇంకా నడక రాలే!"